ల్యాప్‌టాప్ మీద నీళ్ళు పడితే?

పిల్లలూ! బల్ల మీద ల్యాప్‌టాప్ పనిచేస్తూ ఉంది. పక్కనున్న గ్లాసుకు చెయ్యి తగిలి నీళ్ళన్నీ దాని మీద ఒలికాయి అనుకోండి. ఆ యంత్రాన్ని పాడుచేసేది ఏది? నీళ్ళా? కరెంటా?

“నీళ్ళే కదా మాస్టారూ!” అని మీలో చాలామంది అంటారు. ఆ జవాబు సగమే నిజం. మిగతా సగం తెలిసినవారు యంత్రాన్ని దక్కించుకుంటారు. తెలియనివారు, బాగుందో లేదో చూద్దామని మీట నొక్కి, తమ చేతులతోనే దాన్ని పాడుచేసుకుంటారు. ఆ సగం ఏమిటో ఇప్పుడు తెలుసుకుందాం.

ఒకప్పుడు కంప్యూటరు చూడాలంటే నెల్లూరు వెళ్ళవలసి వచ్చేది. ఇప్పుడు మన ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటల మేత లెక్కలు ల్యాప్‌టాప్‌లో ఉంటున్నాయి. ఇంజనీరింగు చదివే అక్క ప్రాజెక్టు అందులోనే ఉంటుంది. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు ఇచ్చింది. చాలా ఇళ్ళలో ఇలాంటి యంత్రం ఒక్కటే ఉంటుంది. అది చెడిపోతే మరొకటి కొనడం తేలిక కాదు. కాబట్టి ఈ సంగతి మీకు పరీక్షలో ఒక ప్రశ్నగానే కాక, ఇంట్లో కూడా పనికివస్తుంది.

నీరు విద్యుత్ వాహకమేనా?

“నీటిలో కరెంటు పారుతుంది” అని పెద్దలు చెబుతారు. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక నూటికి నూరుపాళ్ళు సరైనదే. కానీ పూర్తిగా శుద్ధిచేసిన నీరు విద్యుత్తును చాలా కొద్దిగా మాత్రమే పోనిస్తుంది. లోహపు తీగలో విద్యుత్తును మోసేవి ఎలక్ట్రానులు. నీటిలో మోసేవి అయానులు, అంటే విద్యుదావేశం గల కణాలు. శుద్ధమైన నీటిలో ఈ అయానులు లెక్కకు రానంత తక్కువ.

మరి మన నీళ్ళలో అవి ఎక్కడి నుంచి వస్తాయి? లవణాల నుంచి. ఉప్పు నీటిలో కరిగినప్పుడు సోడియం అయానులుగా, క్లోరైడు అయానులుగా విడిపోతుంది. తాగే నీటిలో కరిగిన పదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండా ఉండడం మేలని భారత ప్రమాణాలు చెబుతాయి. సముద్రపు నీటిలోనైతే లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందుకే పూర్తిగా శుద్ధమైన నీటితో పోలిస్తే సముద్రపు నీరు విద్యుత్తును దాదాపు పది లక్షల రెట్లు సులువుగా పోనిస్తుంది. కుళాయి నీరు, బోరు నీరు ఈ రెంటికీ మధ్యన ఉంటాయి. అంటే మనం రోజూ వాడే నీళ్ళన్నీ, ఎంతో కొంత, వాహకాలే.

ల్యాప్‌టాప్ లోపల ఏముంది?

అక్షరాల మీటలు ఉన్న పలక కింద మదర్‌బోర్డు అనే పచ్చని లేదా నల్లని అట్ట ఉంటుంది. దాని మీద సన్నని రాగి గీతలు ఊరి దారుల్లా అల్లుకుని ఉంటాయి. అవే అక్కడి విద్యుత్ తీగలు. ఒక మాదిరి బోర్డు మీది రాగి పొర మందం 35 మైక్రానులు. మీ తల వెంట్రుక మందంలో అది దాదాపు సగం. ఒక గీతకూ పక్క గీతకూ మధ్య ఎడం కూడా చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే.

ఈ గీతల్లో అన్నిటా ఒకే వోల్టేజి ఉండదు. చార్జరు నుంచి సుమారు 19 లేదా 20 వోల్టులు లోపలికి వస్తాయి. లోపల దాన్ని 5, 3.3, ఇంకా తక్కువ వోల్టులుగా మారుస్తారు. పక్కపక్కనే ఉన్న రెండు గీతల మధ్య ఉప్పున్న నీటిబొట్టు ఒకటి నిలిచిందంటే, విద్యుత్తుకు పోకూడని చోట ఒక దారి ఏర్పడినట్టే. పెద్ద ప్రవాహం పోతే చిప్పు ఒక్క క్షణంలో మాడిపోతుంది. చిన్న ప్రవాహం పోతే మరో రకం నష్టం మొదలవుతుంది. అది కంటికి కనబడకుండా జరుగుతుంది. ఆ నష్టాన్ని ప్రయోగం చేసి చూద్దాం.

ప్రయోగం చేసి చూడండి

ముందుగా ఒక హెచ్చరిక. ఈ ప్రయోగాలకు చిన్న 9 వోల్టుల బ్యాటరీ మాత్రమే వాడాలి. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటును ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. అది ప్రాణం తీస్తుంది.

మొదటి ప్రయోగం: ఒక ఎల్.ఇ.డి. దీపం, 470 ఓముల నిరోధకం, బ్యాటరీ, రెండు ఇనుప మేకులు వరుసగా తీగలతో కలపండి. దీపం పొడుగు కాలు బ్యాటరీ ధన ధ్రువం వైపు ఉండాలి. మేకులు రెండూ ఒకదానికొకటి తగలకుండా గ్లాసులో దించండి. బ్యాటరీ దుకాణాల్లో దొరికే స్వేదన జలం పోస్తే దీపం వెలగదు, లేదా గుడ్డిగా వెలుగుతుంది. ఆ నీటిలో చిటికెడు ఉప్పు వేసి కలపండి. దీపం వెలుగుతుంది. మీ ఇంటి బోరు నీటితోనూ, కొబ్బరి నీళ్ళతోనూ, మజ్జిగతోనూ చేసి చూసి, దేనిలో ఎంత వెలిగిందో పుస్తకంలో రాసుకోండి.

రెండో ప్రయోగం: రెండు గ్లాసుల్లో ఒకే రకమైన ఉప్పునీరు తీసుకోండి. పైపూత గీకేసిన రాగి తీగ ముక్కలు నాలుగు సిద్ధం చేసుకుని, గ్లాసుకు రెండేసి చొప్పున దించండి. మొదటి గ్లాసులోని తీగలను బ్యాటరీకి కలపండి. రెండో గ్లాసులోని తీగలను దేనికీ కలపకండి. గాలి ఆడే చోట, దగ్గరలో మంట లేకుండా పది నిమిషాలు ఉంచండి.

ఏం కనబడింది? మొదటి గ్లాసులో ఋణ ధ్రువానికి కలిపిన తీగ చుట్టూ బుడగలు వస్తాయి. అది హైడ్రోజన్ వాయువు. ధన ధ్రువానికి కలిపిన తీగ దగ్గర పసుపు, నారింజ రంగుల్లో మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డి ఆ తీగలోని రాగే. తీగ కరిగిపోతోందన్నమాట! రెండో గ్లాసు సంగతి? అదే ఉప్పు, అవే తీగలు, అంతే సమయం. అయినా అందులో తీగలు చూడడానికి ఎప్పటిలాగే ఉంటాయి.

ప్రయోగం అయ్యాక ఆ రంగునీటిని మొక్కల్లోనూ, కాలువలోనూ పోయకండి. కరిగిన రాగి చేపలకూ రొయ్యలకూ విషం. సీసాలో పోసి మీ సైన్సు మాస్టారికి అప్పగించండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది కదా! ఉప్పునీరు ఒక్కటే ఉంటే లోహాన్ని తినడానికి రోజులు, వారాలు పడుతుంది. దానికి విద్యుత్తు తోడైతే నిమిషాలు చాలు. దీన్ని విద్యుద్విశ్లేషణ అంటాం. 1800లో ఇంగ్లండుకు చెందిన నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు, వోల్టా కనిపెట్టిన ఘటమాలతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టారు. ఎంత విద్యుత్తు పోతే ఎంత పదార్థం కరుగుతుందో, ఎంత చేరుతుందో లెక్కకట్టే నియమాలను 1830లలో మైకేల్ ఫారడే ఇచ్చాడు. ఆ నియమాలను మన ల్యాప్‌టాప్‌కు అన్వయిద్దాం.

ఒక చిన్న లెక్క

ఫారడే నియమం ప్రకారం 96,500 కూలుంబుల విద్యుత్తు ప్రవహిస్తే 31.75 గ్రాముల రాగి కరుగుతుంది. రాగి పరమాణు భారం 63.5 కదా, దాని వేలెన్సీ 2తో భాగించగా వచ్చిన సంఖ్య ఇది.

తడిసిన బోర్డు మీద రెండు గీతల మధ్య ఒక్క మిల్లీ ఆంపియరు ప్రవాహం పోతోందనుకుందాం. చాలా చిన్న ప్రవాహం. ఒక నిమిషానికి అది 0.001 × 60 = 0.06 కూలుంబులు. ఆ లెక్కన కరిగే రాగి సుమారు 20 మైక్రోగ్రాములు. “అంతేనా!” అంటారేమో. ఇప్పుడు గీత బరువు చూడండి. వెడల్పు 0.1 మి.మీ., మందం 0.035 మి.మీ. ఉన్న రాగి గీతలో ఒక మిల్లీమీటరు పొడవు తీసుకుంటే దాని ఘనపరిమాణం 0.0035 ఘనపు మి.మీ. రాగి సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 9 గ్రాములు. కాబట్టి ఆ ముక్క బరువు సుమారు 31 మైక్రోగ్రాములు.

అంటే, ప్రవాహమంతా రాగిని కరిగించడానికే ఖర్చయితే, ఆ ముక్క ఒకటిన్నర నిమిషంలో మాయమైపోతుంది! నిజానికి కొంత ప్రవాహం వాయువులు పుట్టించడానికి పోతుంది కాబట్టి ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అయినా గంటల లెక్క కాదు, నిమిషాల లెక్క.

ఇంకో చిక్కు కూడా ఉంది. ధన గీత నుంచి కరిగిన లోహపు అయానులు ఋణ గీత వైపు వెళ్ళి, అక్కడ మళ్ళీ లోహంగా పేరుకుంటాయి. ఆ పేరుకోవడం చెట్టు కొమ్మల్లా సాగి, ఒక గీత నుంచి పక్క గీతకు వంతెన వేస్తుంది. నీళ్ళు ఆరిపోయినా ఈ వంతెన మిగిలే ఉంటుంది. అలా ఒకచోట గీత తెగిపోతుంది, మరోచోట కలవకూడని గీతలు కలిసిపోతాయి.

మొదటి నిమిషంలో ఏం చెయ్యాలి?

ఇప్పుడు చెప్పబోయే వరుస మీకు మీరే ఊహించగలరు. ముందు విద్యుత్తును ఆపాలి. నీటిని తీసే పని తరువాత.

1. గోడ మీది స్విచ్చి బోర్డు గానీ, ఎక్స్‌టెన్షన్ పెట్టె గానీ తడిసిందా చూడండి. తడిస్తే దాన్ని ముట్టుకోవద్దు. పెద్దలను పిలిచి మెయిన్ ఆపించండి. తడవకపోతే పొడి చేత్తో గోడ స్విచ్చి ఆపి, చార్జరు తీసెయ్యండి.

2. ల్యాప్‌టాప్ పవర్ మీటను నొక్కి, తెర పూర్తిగా ఆరిపోయేదాకా, సుమారు పది సెకనులు, అలాగే పట్టుకోండి. చేస్తున్న పనిని భద్రపరిచి, మెనూలోకి వెళ్ళి, పద్ధతిగా ఆపుదామని చూడకండి. అంత వ్యవధి లేదు. మూత మూసేస్తే సరిపోదు. అప్పుడు అది నిద్రపోతుందే గాని లోపల విద్యుత్తు ఉంటూనే ఉంటుంది.

3. పెన్‌డ్రైవు, మౌసు వంటివన్నీ పీకెయ్యండి.

4. బ్యాటరీ కింది వైపున గొళ్ళెంతో ఊడివచ్చే రకమైతే తీసెయ్యండి. ఇది ముఖ్యం. యంత్రం ఆగిపోయినా బ్యాటరీ ఉన్నంతసేపు బోర్డులోని కొన్ని గీతలకు విద్యుత్తు అందుతూనే ఉంటుంది. లేకపోతే పవర్ మీట నొక్కిన సంగతి దానికెలా తెలుస్తుంది? ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బ్యాటరీ లోపల మరలతో బిగించి ఉంటుంది. అలాంటిదాన్ని మీరు విప్పవద్దు. ఆ కనెక్షను తీయించడానికి వీలైనంత త్వరగా, అదే రోజు, మరమ్మతు చేసేవారి దగ్గరికి తీసుకువెళ్ళాలి.

5. మెత్తని పొడిగుడ్డను మీటల మీద అద్దండి. రుద్దితే నీరు సందుల్లోకి పోతుంది. తరువాత మూత బాగా తెరిచి, మీటలు కిందికి వచ్చేట్టు బోర్లించి, గుడారంలా నిలబెట్టండి. కింద తువాలు పరచండి. నీరు వచ్చిన దారినే బయటికి పోతుంది. మీటల పలక కింద మదర్‌బోర్డు ఉంటుందని చెప్పుకున్నాం. మామూలుగా పెట్టి ఉంచితే నీరు నేరుగా దాని మీదికే దిగుతుంది.

యంత్రం వేడెక్కినా, పొగ వచ్చినా, బుస్సుమనే చప్పుడు విన్నా, అడుగు ఉబ్బినట్టు కనబడినా దగ్గరికి వెళ్ళకండి. లిథియం బ్యాటరీ అంటుకుంటే మంట చాలా తీవ్రంగా ఉంటుంది. అందరూ ఆ గది వదిలి బయటికి రావాలి. అగ్నిమాపక దళం నంబరు 101. యంత్రం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు.

బియ్యం, ఎండ, వేడిగాలి

“బియ్యం డబ్బాలో పెడితే తడి పీల్చేస్తుంది” అని మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. ఆలోచించి చూద్దాం. బియ్యం గింజ గాలిలోని తేమను కొంత పీల్చుకునే మాట నిజం. కానీ మన ఇంటి డబ్బాలోని బియ్యం ఇప్పటికే మన ఊరి గాలితో సమానంగా తేమ పట్టి ఉంటుంది. అదనంగా అది పీల్చగలిగేది చాలా తక్కువ. పైగా నీరు ఎక్కడుంది? చిప్పుకూ బోర్డుకూ మధ్య వెంట్రుకవాసి సందులో. సన్నని గాజు గొట్టంలో నీరు పైకి పాకడం మీరు తరగతిలో చూశారు. కేశనాళికీయత అనే ఆ గుణమే ఇక్కడ నీటిని సందులో పట్టి ఉంచుతుంది. బయట ఉన్న బియ్యానికి అక్కడికి చెయ్యి చాచే శక్తి లేదు. మీదుమిక్కిలి బియ్యపు పిండి, నూకలు సందుల్లో దూరి కొత్త చిక్కు తెస్తాయి. ఫ్యాను గాలి దీనికన్నా ఎంతో మేలు.

ఎండలో పెట్టడమూ మంచిది కాదు. మన నెల్లూరు రోహిణీకార్తె ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. నల్లని యంత్రం ఆ ఎండలో గాలికన్నా ఇంకా వేడెక్కుతుంది. లిథియం బ్యాటరీకి వేడి పడదు. రసాయన చర్యలన్నీ వేడిలో వేగం పుంజుకుంటాయి, తుప్పు కూడా అంతే. జుట్టు ఆరబెట్టే వేడిగాలి యంత్రంతో మరో బాధ. అది మీటలను వంచుతుంది, నీటిబొట్లను ఇంకా లోపలికి తోస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు, గంట తరువాత “ఆరిందేమో” అని మీట నొక్కి చూడడం. రెండో ప్రయోగంలోని రెండో గ్లాసును గుర్తు చేసుకోండి. బ్యాటరీకి కలపనంతసేపు తీగలు క్షేమంగా ఉన్నాయి. మీట నొక్కడమంటే దాన్ని మొదటి గ్లాసుగా మార్చడమే.

ఏ ద్రవం ఎంత చెడ్డది?

మంచినీళ్ళు: ఉన్నవాటిలో ఇవే నయం. కొద్దిగా, మీటల మీద మాత్రమే పడి, వెంటనే ఆపేసి ఉంటే బతికే అవకాశం బాగా ఉంది. అయినా కనీసం ఒకటి రెండు రోజులు ఆరబెట్టాలి. విప్పి చూపించడమే మేలు.

టీ, కాఫీ: చక్కెర స్వయంగా అయానులుగా విడిపోదు. కానీ ఆరాక జిగురుగా మిగిలి మీటలను పట్టేస్తుంది, తేమనూ దుమ్మునూ నిలిపి ఉంచుతుంది. పాలలో కాల్షియం, పొటాషియం లవణాలు ఉంటాయి.

శీతల పానీయాలు: కోలా వంటి వాటిలో చక్కెరతోపాటు ఫాస్ఫారికామ్లం ఉంటుంది. పి.హెచ్. విలువ సుమారు 2.5. నిమ్మరసానికి దగ్గర దగ్గర. లోహానికి ఇది శత్రువు.

మజ్జిగ: లాక్టికామ్లం ఒకటి, మనం వేసుకున్న ఉప్పు ఒకటి. రెండూ చెడ్డవే.

కొబ్బరి నీళ్ళు: ఒంటికి మంచివే. కానీ వాటిలో పొటాషియం అయానులు దండిగా ఉంటాయి. అందుకే మీ ప్రయోగంలో దీపం వెలిగింది.

సముద్రపు నీరు, రొయ్యల గుంట నీరు: అన్నిటికన్నా ప్రమాదం వీటితోనే. గుంట నీటి ఉప్పదనాన్ని మీ నాన్నగారు పి.పి.టి.లలో కొలవడం మీరు చూసే ఉంటారు. ఆ సంఖ్య ఎంత పెద్దదైతే బోర్డుకు ముప్పు అంత ఎక్కువ.

కాబట్టి ఏది ఒలికింది, ఎంత ఒలికింది, ఎప్పుడు ఒలికింది అన్నవి ఒక చీటీ మీద రాసి మరమ్మతు చేసేవారికి ఇవ్వండి. వైద్యుడికి రోగం వివరాలు చెప్పినట్టే ఇది కూడా.

ఉప్పు ఆరదు!

మన తీరప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీ చూడండి. ఎవరూ నీళ్ళు పోయకుండానే కల్లుప్పు చెమ్మగిల్లి ఉంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే సోడియం క్లోరైడు గాలిలోని తేమను లాక్కుని తనంతట తానే కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో కొద్దిగా ఉండే మెగ్నీషియం క్లోరైడు ఇంకా తక్కువ తేమకే కరుగుతుంది. మైపాడు, గంగపట్నం వైపు తెల్లవారుజామున గాలిలో తేమ 75 శాతం దాటడం మామూలే.

ఇప్పుడు ఉప్పునీరు పడిన ల్యాప్‌టాప్ సంగతి ఊహించండి. రెండు రోజులు ఫ్యాను కింద ఆరింది. మీట నొక్కితే పనిచేసింది. అందరూ సంతోషించారు. కానీ బోర్డు మీద కంటికి కనబడని ఉప్పు పొర మిగిలే ఉంది. ప్రతి రాత్రీ అది తేమ పీల్చి తడుస్తుంది, ప్రతి మధ్యాహ్నమూ ఆరుతుంది. తడిసినప్పుడల్లా విద్యుద్విశ్లేషణ కాస్త కాస్త సాగుతుంది. నెల తరువాత ఒకనాడు యంత్రం హఠాత్తుగా ఆగిపోతుంది. “నిన్నటిదాకా బాగానే ఉందే!” అని అందరూ ఆశ్చర్యపోతారు. 

మరి మార్గం ఏమిటి? కడగడం! అవును, బాగుచేసేవారు ముందు బ్యాటరీ వేరుచేసి, బోర్డును బయటికి తీసి, అయానులు తొలగించిన నీటితోనో, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోనో కడుగుతారు. ఆ ఆల్కహాలుకు తలతన్యత తక్కువ కాబట్టి సన్నని సందుల్లోకి పోయి నీటిని కలుపుకుంటుంది. త్వరగా ఆవిరైపోతుంది. ఉప్పును మాత్రం అది సరిగా కరిగించలేదు. అందుకే ఉప్పు పడితే ముందు శుద్ధమైన నీరు, తరువాత ఆల్కహాలు. ఆ ఆల్కహాలు సులువుగా అంటుకునే ద్రవం. ఈ పని ఇంట్లో చేసేది కాదు.

వరదకు తడిసిన వస్తువులకూ ఇదే సూత్రం. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు మన జిల్లాలో ఎన్నో ఇళ్ళలోకి నీరు చేరింది. వరద నీటిలో బురద, లవణాలు, మురుగు అన్నీ ఉంటాయి. అందులో మునిగిన టీవీ గానీ, మోటారు గానీ, కంప్యూటరు గానీ పైకి ఆరినట్టు కనబడినంత మాత్రాన ప్లగ్గులో పెట్టకూడదు. తెలిసినవారు విప్పి, శుభ్రం చేసి, పరీక్షించాకనే కరెంటు ఇవ్వాలి. తుపాను హెచ్చరిక విన్నప్పుడు చార్జర్లు తీసేసి, యంత్రాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఎత్తైన అల్మరాలో పెట్టడం తేలికైన పని.

యంత్రం పోయినా సమాచారం పోదు

ఒక్కోసారి ఎంత చేసినా బోర్డు బతకదు. అంతమాత్రాన లోపలి ఫోటోలూ, లెక్కలూ, ప్రాజెక్టులూ పోయినట్టు కాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో అవి ఉండేది వేరే భాగంలో.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగివస్తూ ఆకాశంలోనే ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. అందులో జీనాన్ వాయువు మీద జరిపిన ఒక ప్రయోగపు వివరాలు ఒక హార్డ్‌డిస్కులో ఉన్నాయి. సుమారు ఆరు నెలల తరువాత ఎండిన చెరువు అడుగున ఆ డిస్కు దొరికింది. పైన కాలి, కరిగి, గుర్తుపట్టలేనట్టు ఉంది. కానీ లోపలి పళ్ళేల మీద సమాచారం రాసిన భాగం క్షేమంగా ఉంది. నిపుణులు పళ్ళేలను శుభ్రం చేసి, మరో డిస్కులో అమర్చి, అందులోని సమాచారంలో 99 శాతం దాకా చదవగలిగారు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ప్రచురణ అయ్యాయి.

ఆకాశం నుంచి రాలిపడిన డిస్కే పలికిందంటే, టీ పడిన డిస్కు మీద ఆశ వదులుకోనక్కరలేదు. అయితే తడిసిన డిస్కుకు విద్యుత్తు ఇచ్చి చూడకూడదు. అన్నిటికన్నా సులువైన జాగ్రత్త మరొకటుంది. ముఖ్యమైన వాటికి ఇంకోచోట నకలు పెట్టుకోండి. వారానికొకసారి ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంటే చాలు.

దాచకండి

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పిల్లల చేతిలో ఇలాంటిది జరిగినప్పుడు భయంతో ఏం చేస్తారు? గబగబా పైపైన తుడిచి, మూత మూసి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటారు. అమ్మానాన్నలు తిడతారని బెరుకు. ఆ తిట్లు పది నిమిషాల్లో అయిపోతాయి. కానీ దాచిన ఆ రాత్రంతా లోపల బ్యాటరీ నుంచి విద్యుత్తు పోతూనే ఉంటుంది. పైగా మరునాడు సంగతి తెలియని నాన్నగారు చార్జరు పెట్టి మీట నొక్కుతారు. కొద్ది ఖర్చుతో బాగయ్యేది అసలుకే పోతుంది. ఆయన చేతికి ప్రమాదం కూడా.

వెంటనే చెప్పండి. “నీళ్ళు పడ్డాయి, ఆపేశాను, బోర్లించాను, ఇంకా మీట నొక్కలేదు” అని చెప్పగలిగిన పిల్లవాణ్ణి ఏ తల్లిదండ్రులూ ఎక్కువసేపు తిట్టలేరు.

తల్లిదండ్రులు ఈ పేజీ చదువుతుంటే వారికీ ఒక మనవి. పిల్లలు పరుగెత్తుకొచ్చి నిజం చెప్పినప్పుడు ముందు యంత్రం సంగతి చూడండి. తిట్టడానికి తరువాత కావలసినంత సమయం ఉంటుంది.

ఆలోచించి జవాబు రాయండి

1. సమానంగా ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి చార్జరుకు కలిపి ఉంది, ఇంకొకటి బ్యాటరీ తీసేసి ఉంది. రెండిటి మీదా ఒకే నీళ్ళు పడితే ఏది ఎక్కువ చెడుతుంది? ఎందుకు?

2. మన లెక్కలో ప్రవాహం ఒక మిల్లీ ఆంపియరుకు బదులు పదో వంతు, అంటే 0.1 మిల్లీ ఆంపియరు ఉంటే, ఆ రాగి ముక్క కరగడానికి ఎంతసేపు పడుతుంది?

3. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో సైకిలు చక్రాలు, కిటికీ ఊచలు త్వరగా తుప్పు పడతాయి. వాటికి ఎవరూ బ్యాటరీ కలపలేదు కదా! మరి అక్కడ విద్యుత్తు ఎక్కడి నుంచి వచ్చింది? మీ భౌతిక రసాయన శాస్త్ర పుస్తకంలో లోహక్షయం పాఠం చదివి, తరగతిలో చర్చించండి.